పేరొకరిది, గది ఇంకొకరిది

"మేడ మీద ఉన్నావిడ ఎవరు?"

తాళాలమ్మ పొద్దుట్నుంచి ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి ఆమె భర్త పళ్ళు తోముకుంటున్నాడు కనుక జవాబు చెప్పలేదు. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి గనక ఆ పని ఎంతసేపు చేసినా ఎవరూ తప్పు పట్టలేరు. మూడోసారికి దాక్కోవడానికి ఏమీ దొరకలేదు.

"బావ పంపించిన మనిషి."

"ఏ బావ?"

"నాకెంతమంది బావలున్నారని? చెల్లాయి మొగుడు."

"బుకింగు ఆయన పేరు మీద ఉంది. ఆఫీసు పనుంది, ఇంట్లో పిల్లల గోల, నాలుగు రోజులు ఒక్కణ్ణే కూచుని రాసుకోవాలి చెల్లెమ్మా అని నాకు మెసేజీ పెట్టారాయన. నేను ఇన్ని రోజులూ అక్క వాళ్ళింట్లో ఉండి ఇవాళ వచ్చి చూస్తే గది కిటికీకి చీర ఆరేసి ఉంది. ఆయన చీరలు కట్టుకుంటారా?"

వీధి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుణ్ణి పట్టుకుని ఏం మాటలే అవి?"

"అల్లుడుగారు ఉంటే ఆయన్నే అడిగేదాన్ని అత్తయ్యా. లేరు. అదే నా బాధ."

వీధిలో అందరూ ఆమెను తాళాలమ్మ అనే పిలుస్తారు. మేడ మీది రెండు గదులను రోజుల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాక వచ్చిన పేరు అది. వెక్కిరింతగా పెట్టిన పేరే అయినా ఆమెకు నచ్చింది, ఉంచేసుకుంది.

ఆమెకు ఒక్కటే రూలు. బుక్ చేసిన మనిషే గుమ్మం ఎక్కాలి. వెంట ఎవరినైనా తెచ్చుకోవచ్చు గానీ, తాను రాకుండా తన పేరు మీద ఇంకొకరిని పంపకూడదు. బుకింగు రాగానే ఆమె పంపే మొదటి మెసేజీ కూడా ఇదే: "వచ్చేది మీరేనా, మీ తరఫున వేరేవాళ్ళా?"

ఈ రూలు ఊరికే పుట్టలేదు. నిరుడు ఎవరో పెద్దమనిషి తన పేరు మీద గది తీసుకుని మేనల్లుళ్ళను పంపాడు. వాళ్ళు గీజరు వేసి మరచిపోయి ఊరు చూడ్డానికి పోయారు. తిరిగొచ్చేసరికి స్నానాలగది కప్పు నల్లగా మాడిపోయి ఉంది. బుక్ చేసినాయన్ని అడిగితే నేనసలు మీ గుమ్మమే తొక్కలేదన్నాడు. కుర్రాళ్ళను అడిగితే మేమసలు బుక్కే చెయ్యలేదన్నారు. బుకింగు కంపెనీ వాళ్ళు, బుక్ చేసిన మనిషి ఉండలేదు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు. మాడిన కప్పు మాత్రం తాళాలమ్మకు మిగిలింది.

"సొంత చుట్టాలకి కూడా రూళ్ళేమిటి?" అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకి ఇంట్లో అందరూ ఇప్పటికీ వార్డులో పేషెంట్లే. "నా మొగుడు కట్టించిన మేడ. నా అల్లుడు ఎవరినో నాలుగు రోజులు ఉంచకూడదా?"

"ఎవరినో అంటున్నారు చూడండి. ఆ ఎవరో ఎవరని అడుగుతున్నాను. మన నెత్తి మీద నాలుగు రోజుల్నుంచీ ఒక మనిషి ఉంది. ఈ ఇంట్లో ఒక్కరికీ ఆవిడ పేరు తెలీదు."

"అడిగితే బావుండదు కదా," అన్నాడు భర్త. మొహమాటమే అతని రోగం. దుకాణంలో కూడా ఎవరైనా ఈ కళ్ళజోడు బావుందా అంటే చచ్చినా బాగాలేదనడు.

"నేను వెళ్ళి అడుగుతాను. అడిగి పంపించేస్తాను," అంది తాళాలమ్మ.

"పంపించెయ్యడమేమిటి? సాయంత్రం బావ తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"అయితే సాయంత్రందాకా ఎందుకు?"

ఆమె తాళాల గుత్తి తీసుకుని మెట్లెక్కింది. కోపంగానే ఎక్కింది. మనింట్లో మన రూలు మనవాళ్ళే తొక్కితే వచ్చే కోపం పరాయివాళ్ళ మీద వచ్చే కోపం కన్నా నాలుగింతలు ఉంటుంది.

తలుపు తెరిచిన మనిషికి ముప్ఫై దాటి ఉంటాయి. గట్టి చేతులు, పొట్టిగా తీసిన గోళ్ళు. ఆమె భుజం మీదుగా గదిలోకి చూసి తాళాలమ్మ అనబోయిన మాట మరచిపోయింది. మంచం మీద దుప్పటి తను పరిచి వెళ్ళిన మడతల్తోనే ఉంది. తువ్వాళ్ళు విప్పలేదు. గోడవారగా నేల మీద ఒక పాత శాలువా పరిచి ఉంది.

"కింద పడుకుంటున్నావా?"

"గది నా పేరు మీద లేదు కదండీ. ఏదన్నా పాడైతే సార్ మీదకి వస్తుంది."

ఇంతకాలంలో ఈ మాట అన్న మనిషి తాళాలమ్మకు తగల్లేదు. గది తమ పేరు మీద తీసుకున్నవాళ్ళే మంచాల మీద గెంతుతారు.

"నువ్వెవరమ్మా?"

"సార్ చెప్పలేదాండీ?"

"సార్ చెప్పలేదు. మా ఆయన అడగలేదు. నువ్వే చెప్పాలి."

ఆమె తన పేరు చెప్పింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరునని చెప్పింది. ఆ ఫ్యాక్టరీకి మేనేజరు ఈ ఇంటి అల్లుడే. మొదలుపెట్టాలా వద్దా అని ఆ మనిషి చూస్తోంది. వినాలా వద్దా అని తాళాలమ్మ చూస్తోంది. చివరికి తాళాలమ్మే వెళ్ళి ఆ నలగని మంచం అంచున కూర్చుంది.

"చెప్పు."

"పోయిన వారం పిండి కలిపే మిషన్లో ఒకావిడ చెయ్యి పడిందక్కా. ఆ మిషను మీద మూత ఉండాలి. మూత ఉంటే మాటిమాటికీ ఆపాలి, పని నెమ్మదిస్తుందని సార్ తీయించేశారు. వద్దన్నాను. నీ పని నువ్వు చూసుకో అన్నారు. రేపు విచారణకి ఆఫీసరొస్తాడు. మూత నేనే తీయించానని చెప్పమంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఆలోచించుకుంటానన్నాను. అయితే ప్రశాంతంగా ఆలోచించుకో అని ఇక్కడ పెట్టారు. పేపరువాళ్ళు విసిగిస్తారని ఫోను తీసేసుకున్నారు."

"ఆలోచించుకున్నావా?"

"మొదటి రోజే అయిపోయిందక్కా. నేను నిజమే చెబుతాను. నిన్న సార్ మీ ఆయన దుకాణం ఫోనుకి చేస్తే ఆయన తెచ్చిచ్చారు. సార్‌కి అదే చెప్పాను. అయితే ఇవాళ సాయంత్రం వచ్చి వేరే ఊరు తీసుకెళ్తానన్నారు. రేపు నేను ఆఫీసరు ముందుకి రాకపోతే తప్పు చేసి పారిపోయాననే కదా అనుకుంటారు?"

"ఈలోగా ఇంటికి వెళ్ళిపోకపోయావా?"

"మా ఇల్లు ఫ్యాక్టరీ క్వార్టర్సులోనే. గేటు దగ్గర ఉండేది సార్ మనిషి." ఆమె తలుపు వైపు చూసింది. "ఈ గడియ గట్టిదేనా అక్కా?"

పంపించెయ్యడానికి మెట్లెక్కిన మనిషి, గడియను రెండుసార్లు వేసి తీసి చూపించింది. "గట్టిదే. నేను పిలిస్తే తప్ప తియ్యకు."

మెట్లు దిగుతుంటే తాళాలమ్మకు భయం వేసింది. భయం వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

*

తాళాలమ్మ చెప్పిందంతా విని భర్త నేల చూశాడు. అత్తగారు గోడ చూసింది.

"అల్లుడు అలాంటివాడు కాడు," అంది అత్తగారు చివరికి. అయితే ఆ మాట వార్డులో పేషెంటు బంధువులకి ధైర్యం చెప్పినట్టు అంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు భర్త. "వాళ్ళ ఫ్యాక్టరీ, వాళ్ళ గొడవ. ఆయనొస్తాడు, తీసుకెళ్తాడు. మనకేం తెలీదు."

"కంద మన మేడ మీదే ఉందండీ."

"చెల్లాయి సంసారం ఏమవుతుందో ఆలోచించావా?"

ఆలోచించింది. మెట్లు దిగుతున్నంతసేపూ అదే ఆలోచించింది. ఆడపడుచు అంటే ఆమెకు ప్రాణం. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో వదినా వదినా అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల. ఆ పిల్ల మొగుణ్ణి ఎదిరిస్తే ఆ దెబ్బ ముందు తగిలేది ఆ పిల్లకే.

"ఆలోచించాను," అంది. "ఆలోచించినా ఆ అమ్మాయిని అప్పగించలేను."

ఆ మధ్యాహ్నం అత్తగారు అన్నం సగంలో వదిలేసి లేచింది.

అల్లుడు పొద్దు వాలకముందే వచ్చాడు. వస్తూనే ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఆయనొస్తే పరుగు మీద వచ్చే టీ ఇవాళ రాలేదు. అది గమనించి కూడా గమనించనట్టు నవ్వాడు.

"ఆ అమ్మాయిని రమ్మనండి చెల్లెమ్మా. కారు బయటే ఉంది."

"ఏ అమ్మాయిని అన్నయ్యగారూ?"

"అదే, మేడ మీద ఉన్న అమ్మాయిని."

"మేడ మీద మీరుండాలి కదా. బుకింగు మీ పేరు మీద, మనిషి ఒక్కరు అని పెట్టారు. మీరిక్కడ కూచుంటే అక్కడెవరుంటారు?"

"సరే, ఒక చిన్న అబద్ధం ఆడాను. ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా ఇంత పట్టింపా?" ఆయన గొంతులో ఇంకా చనువే ఉంది. "డబ్బు కట్టింది నేను. రేపటిదాకా గది నాది. నా గదిలోంచి నా మనిషిని నేను తీసుకెళ్తాను. ఇందులో మీకు అడ్డేముంది?"

"గది మీదైతే ఇన్ని రోజులూ మీరుండాల్సింది."

తాళాలమ్మ ఫోను తీసింది. నొక్కాల్సింది నొక్కింది.

"బుక్ చేసిన మనిషి రాలేదు. తన పేరు మీద వేరే మనిషిని పంపారు. అది నా రూలు ప్రకారం తప్పు, కంపెనీ రూలు ప్రకారమూ తప్పు. అందుకని రద్దు చేశాను. మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. ఇప్పుడా గదిలోంచి ఒక చెంచా తీసుకెళ్ళే హక్కు కూడా మీకు లేదు."

అల్లుడి జేబులో ఫోను మోగింది. తీసి చూసుకున్నాడు. ఆయన నవ్వు పోలేదు, కాస్త చల్లబడింది.

"బావుంది. రద్దయింది కాబట్టి ఆ పిల్లకీ అక్కడ ఉండే హక్కు లేదు. పంపించెయ్యండి. నేను వీధిలో కారు దగ్గర నిలబడతాను. వీధి మీది కాదుగా."

తాళాలమ్మ మేడ మెట్లకు అడ్డంగా జరిగింది.

"లేదూ, మీరే ఉంచుకుంటానంటారా, ఉంచుకోండి. బుకింగు లేని మనిషిని లెక్కలో లేకుండా దాచారని అదే కంపెనీకి నేను రాస్తాను. రేపు ఆఫీసరుకి ఆ పిల్ల దొరక్కపోతే దాచింది మీరే అవుతారు. నాకేం, నా బుకింగే లేదు. మీరే రద్దు చేశారు."

తన రూలు తన మెడకే చుట్టుకోవడం తాళాలమ్మకు కనబడుతూనే ఉంది. ఆ అమ్మాయికి ఫోను లేదు, తన పేరు మీద తను గది తీసుకోలేదు. ఆమె తరఫున తను తీసుకుంటే అది మళ్ళీ అదే తప్పు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

అల్లుడు లేచాడు. "బావగారూ, మారు తాళం మీ దగ్గరుంటుంది కదా. ఇలా ఇవ్వండి. ఆడవాళ్ళ మాటల్తో పొద్దు పోతోంది."

భర్త కళ్ళజోడు తీశాడు. తుడుస్తాడేమో అనుకుంది తాళాలమ్మ. తుడవలేదు. చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మా ఇంట్లో తాళాలు ఆవిడ దగ్గరుంటాయి బావగారూ," అన్నాడు.

ఆ మాటకు తాళాలమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే అల్లుడు చూస్తాడని మానేసింది.

"బాబూ, ఒక్క మాట." ఇంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న అత్తగారు ముందుకు వచ్చింది. "ఏ చెయ్యి?"

"ఏమిటత్తయ్యగారూ?"

"మీ ఫ్యాక్టరీలో ఆ మనిషికి పోయింది ఏ చెయ్యి? కుడిదా, ఎడమదా?"

అల్లుడు భార్య పుట్టింటివాళ్ళ ముందు ఎప్పుడూ తడబడని మనిషి. ఇప్పుడు నోరు తెరిచి మూసుకున్నాడు.

"ఏదైతే ఏం అత్తయ్యగారూ, ఫ్యాక్టరీ అంతా చూసుకుంటోంది. ఆసుపత్రి ఖర్చు..."

"మీరు చూడ్డానికి వెళ్ళారా?"

"నాకు తీరికెక్కడ..."

"కుడిచెయ్యండీ."

అందరూ తలలెత్తారు. పిలిస్తే తప్ప గడియ తియ్యవద్దన్న మాట వినకుండా ఆ అమ్మాయి మేడ మెట్ల మీద నిలబడి ఉంది. శాలువా కప్పుకుంది. అల్లుడి వైపు చూడటం లేదు, అత్తగారి వైపే చూస్తోంది.

"కుడిచెయ్యి. బొటనవేలొక్కటే మిగిలింది. మిషను ఆపింది నేనే. ఇంటికెళ్ళి అన్నం ఎలా కలుపుకోవాలి అక్కా అని అడిగింది నన్ను."

అత్తగారు కళ్ళు మూసుకుంది. ఎన్ని చేతులకు కట్లు కట్టి ఉంటుందో ఆవిడకే తెలియాలి. ఏ ఒక్క చెయ్యీ ఎవరిదో తెలియకుండా మాత్రం కట్టి ఉండదు.

"ఒరేయ్, నా ఫోను ఇలా తే," అంది కొడుకుతో. "గది బుక్ చెయ్యడానికి ఏది నొక్కాలో చూపించు. చూపించు చాలు. నొక్కేది నేనే."

"అమ్మా, నువ్వెందుకు..."

"రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం దేనికి? చూపించు."

కొడుకు చూపించాడు. ఆవిడ చూపుడువేలితో ఇంజక్షను ఇచ్చినంత జాగ్రత్తగా నొక్కింది. తాళాలమ్మ చేతిలో ఫోను మోగింది. ఆ అమ్మాయి ఉన్న ముందు గది, రెండు రోజులు, మనుషులు ఇద్దరు. రూలంటే మండిపడే మనిషి పేరు రూలు ప్రకారం తెర మీద నిలబడి ఉంది.

తాళాలమ్మ గొంతు సవరించుకుంది. ఎవరికైనా అడిగే ప్రశ్నే. "వచ్చేది మీరేనా అత్తయ్యా, మీ తరఫున వేరేవాళ్ళా?"

"నేనే. వెంట ఇంకో మనిషి." అత్తగారు అల్లుడి వైపు తిరిగింది. "రెండు రోజులు నేను ఆ గదిలోనే ఉంటాను బాబూ. రేపు ఆఫీసరు దగ్గరికి ఈ అమ్మాయితో నేనూ వస్తాను. ఆ బుకింగు కంపెనీకి ఏం రాసుకుంటారో రాసుకోండి."

అల్లుడి మొహంలో చనువంతా ఇంకిపోయింది.

"అత్తయ్యగారూ, బాగా ఆలోచించుకోండి. రేపు మీ అమ్మాయి పెట్టె పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడితే తప్పు నాది కాదు."

అత్తగారి చెయ్యి మెట్ల కమ్మీ మీద ఆగింది. ఈ దెబ్బ ఇక్కడ తగులుతుందని ఆయనకు తెలుసు, అందుకే చివరిదాకా దాచుకున్నాడు. తాళాలమ్మకు ఆయన్ని గుమ్మం అవతలికి తోసెయ్యాలనిపించింది.

అత్తగారు ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. గడియ పడిన చప్పుడు కింద ఉన్న ముగ్గురికీ వినబడింది.

అల్లుడు బయటికి నడిచాడు. కారు బయల్దేరింది.

"చెల్లాయికి ఫోన్ చెయ్యి," అన్నాడు భర్త. "ఆయన ఇల్లు చేరేలోగా మనమే చెబుదాం."

"ఏం చెబుదాం?"

అతను కళ్ళజోడు పెట్టుకుని ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. అప్పుడే ఆమె చేతిలో ఫోను మళ్ళీ మోగింది.

వెనక గదికి బుకింగు. ఈ రాత్రి నుంచే. పెద్దవాళ్ళు ఒకరు, పిల్లలు ఇద్దరు. పేరు చూసి తాళాలమ్మ కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. ఆడపడుచు పేరే. కిటికీలోంచి చూస్తే వీధి చివర అల్లుడి కారు ఇంకా మలుపు తిరగలేదు.

ఏం రాయాలో తోచక అలవాటైన మాటే రాసింది. "వచ్చేది మీరేనా, మీ తరఫున వేరేవాళ్ళా?"

జవాబు వెంటనే వచ్చింది.

"నేనే వదినా, పిల్లలతో. ఆయనకి తెలీదు. మూత తీసెయ్యమని ఆయన ఫోన్లో చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. నిన్న అన్నయ్య దుకాణానికి ఫోన్ చేస్తుంటే ఆ అమ్మాయి అక్కడుందనీ విన్నాను. రేపు ఆఫీసరు ఎన్నింటికొస్తాడు?"

భర్త ఆమె భుజం మీదుగా చదివాడు. మళ్ళీ చదివాడు.

మేడ మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "మళ్ళీ ఫోను మోగింది, ఇంకో బుకింగా? వచ్చేదెవరో అడిగావా అమ్మాయ్?"

"అడిగానత్తయ్యా."

"ఎవరట?"